అడుగున ఉన్న అంకె

మా ఊళ్లో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా ముందు నా దగ్గరికి తెస్తారు. చదువుకున్నవాళ్లు లేక కాదు. డిగ్రీ చదివినవాళ్లు వీధికి ఇద్దరున్నారు. కానీ వాళ్లు కాగితాన్ని ఇలా చూసి అలా మడిచి, ఏమీ లేదవ్వా, రేషన్ సంగతి అనేసి పోతారు. నేను మొదటి అక్షరం కింద వేలు పెడితే చివరి అక్షరం దాకా తీయను. వేగంగా చదవడం నాకు రాదు. క్లుప్తంగా చెప్పడం అంతకంటే రాదు. ఒక చిన్న నోటీసుకు కూడా పావుగంట పడుతుంది. ఆ పావుగంటా మా వంకకండ్రిగ ఆడవాళ్లు ఓపికగా కూర్చుని వింటారు.

"శకుంతల నోట్లో మాట మారదు. మార్సేంత సదువు ఆమెకు లేదు" అని దిగువ వీధి మునెమ్మ ఒకసారి అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. మా ఆయన పోయిన తర్వాత పింఛను కోసం ఎవరో రాసి తెచ్చిన అర్జీ మీద వేలిముద్ర వేశాను. అందులో నా వయసు ఎనభై ఒకటి అని రాసి ఉందని ఆరు నెలల తర్వాత తెలిసింది. నాకప్పుడు యాభై ఒకటి. బల్ల వెనక కూర్చున్నాయన కాగితం చూసి, నన్ను చూసి, "ఒంటిని బాగా కాపాడుకున్నావు అవ్వా" అన్నాడు. ఆ నెలలోనే వయోజనుల బడికి పోవడం మొదలుపెట్టాను. కార్వేటినగరం నుంచి కల్యాణవల్లి అనే రిటైరైన టీచరమ్మ బస్సులో వచ్చేది. పొద్దున పాలకూ సాయంత్రం పాలకూ మధ్యలో, ఎండ మండే వేళ మాకు చదువు చెప్పేది. వేలు ఎత్తొద్దమ్మా, ఎత్తితే ఒక అక్షరం తప్పించుకుంటుంది అనేది. ఒక్క చోట మాత్రం ఆమే ఎత్తమంది. వాచకంలో పుట అడుగున ఉన్న అంకెను కూడా నేను గట్టిగా "పన్నెండు" అని చదివితే, అది పాఠం కాదమ్మా, పుట సంఖ్య, చదవక్కర్లేదు అంది. తోటివాళ్లు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి పుట అడుగుకు రాగానే నా వేలు దానంతట అదే లేచిపోయేది.

అలా లేచిన వేలి వల్లే మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో నేనొక పెద్ద తప్పు చేశాను.

ఆ ఎన్నికల్లో సర్పంచి పదవికి మా లోహిత నిలబడింది. లోహిత నా చెల్లెలి కూతురు. తల్లి పోయాక పదేళ్ల వయసు నుంచి నా దగ్గరే పెరిగింది. తిరుపతిలో బీఎస్సీ చదివింది. ఈ ఊరి వాడే, మామిడి తోటల బేరం చేసే ధనశేఖర్‌ను పెళ్లి చేసుకుంది. ఎదురు నిలబడింది వరదయ్య. అప్పటికే రెండుసార్లు సర్పంచి. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావైనా ముందు వచ్చి నిలబడేది అతనే. అయితే ఊరి విషయం ఏది అడిగినా, సూస్తాంలే అక్కా అని నవ్వి, స్కూటరెక్కి పోతాడు.

మాది ఫ్లోరైడు నీళ్ల ఊరు. పిల్లల పళ్ల మీద పసుపు మచ్చలు. మునెమ్మ మోకాళ్లు వంగవు. బస్సు ఎక్కాలంటే ఇద్దరు పట్టి లేపాలి. రెండేళ్ల కిందట వరదయ్య ఊరి వాగు పక్కన ఉన్న పంచాయతీ బోరు దగ్గర నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టించాడు. అది అతను చేసిన మంచి పని, కాదనను. ఊరంతా అక్కడ క్యాన్లు పట్టుకుని తాగేవాళ్లు. దిగువ వీధిలో రెండు కొళాయిలు ఉన్నాయి. వాటికి నీళ్లు అదే బోరు నుంచి, ప్లాంటుతో సంబంధం లేకుండా నేరుగా వస్తాయి. గిన్నెలు కడగడానికి, ఆవులకు అవే.

నామినేషన్లు అయిన వారానికి ధనశేఖర్ ఒక కాగితం తెచ్చాడు. ఊరి నీళ్లు పరీక్ష చేసిన రిపోర్టు నకలు. జనానికి అర్థం కావాలని తెలుగులోనే ఇచ్చారు. ఎనిమిది నెలల కిందటిది. వరదయ్య ఎవరికీ చూపించలేదని చెప్పాడు.

"ఇది నువ్వే సదవాల అత్తా. నేను సదివితే రాజకీయం అంటారు. నువ్వు సదివితే నీళ్లు అంటారు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో అయిదుసార్లు చదువుకున్నాను. సాయంత్రం రెండు వీధుల వాళ్లూ చేరే పాల సెంటరు దగ్గర క్యాన్లు వరసలో ఉండగా నిలబడి చదివాను. నమూనా ఒకటి. తీసిన చోటు, నీటి శుద్ధి కేంద్రం ఆవరణలోని పంచాయతీ బోరు. ఫ్లోరైడు లీటరుకు రెండు పాయింటు ఆరు మిల్లీగ్రాములు. ఉండదగిన పరిమితి ఒకటి పాయింటు ఐదు. ఈ నీరు తాగడానికి పనికిరాదు.

మా ఆడవాళ్లకు పాయింట్లు విడమరిచి చెప్పక్కర్లేదు. పాలలో వెన్న ఎన్ని పాయింట్లో చూసే కదా మా రోజు మొదలయ్యేది. ఒకామె, అంటే ప్లాంటు నీళ్లేనా అక్కా అని అడిగింది. శుద్ధి కేంద్రం ఆవరణ అని ఉంది అన్నాను. అబద్ధం చెప్పలేదు. కాగితంలో ఉన్నదే చెప్పాను. ఆవరణలో తీసిన నీళ్లు వేరు, ప్లాంటు కొళాయిలో వచ్చే నీళ్లు వేరు అన్న ఆలోచన అడిగినామెకూ రాలేదు, చెప్పిన నాకూ రాలేదు.

మర్నాడు ప్లాంటు దగ్గర క్యాన్ల వరస లేదు. వరదయ్య వీధి వీధి తిరిగి అదంతా అబద్ధమన్నాడు. అయితే నీ దగ్గరుండే కాగితం తెచ్చి చూపించు అని జనం అడిగితే, సూస్తాంలే అన్నాడు. దాంతో జనానికి నమ్మకం ఇంకా గట్టిపడింది. లోహిత గుర్తు ఉంగరం. పిల్లలు వేళ్లు ఉంగరంలా చుట్టి చూపించుకుంటూ తిరిగారు. వంద ఓట్ల మెజారిటీ ఖాయమని ధనశేఖర్ లెక్క వేశాడు. లోహిత మాత్రం ప్రచారానికి వచ్చినప్పుడల్లా నీళ్ల మాట ఎత్తకుండా రోడ్లు, బడి గురించి మాట్లాడేది. బిడ్డ పెద్దమనిషిగా నడుచుకుంటోంది అనుకున్నాను.

ఓటుకు ఇంకా నాలుగు రోజులుందనగా మునెమ్మ ఇంటికి మజ్జిగ ఇవ్వడానికి పోయాను. ఆమె మనవరాలికి నాలుగేళ్లు. కొళాయి కింద స్టీలు గ్లాసు పెట్టి నింపుకుని గటగటా తాగుతోంది. ఆ నీళ్లు ఎందుకు తాగనిస్తున్నావు అని మునెమ్మను అడిగాను.

"నువ్వే కదా సదివినావు. ప్లాంటు నీళ్లు పనికిరావని. ఇంగేం తాగాల? మా అత్త తాగింది ఈ నీళ్లే" అంది.

మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టేసి బయటికి వచ్చాను. ఇంటికి వస్తూ దారిలో ఆలోచించాను. కొళాయికి వచ్చేది ఆ బోరు నీళ్లే. ప్లాంటుకు పోయేదీ ఆ బోరు నీళ్లే. బోరు చెడ్డదైతే కొళాయి ఎట్లా మంచిదవుతుంది? ప్లాంటు పని చేస్తోందా లేదా అన్నది కదా అసలు తెలియాల్సింది. ఇంత మంచి రిపోర్టు రాసినవాళ్లు ఆ ఒక్క ముక్క రాయకుండా ఎట్లా వదిలేశారు?

కాగితం తీసి మళ్లీ మొదటినుంచి చదివాను. తాగడానికి పనికిరాదు అన్న చోట వేలు లేచింది. నేను దాన్ని బలవంతంగా మళ్లీ కిందికి దించాను. అడుగున, అంచుకు దగ్గరగా, సన్నటి అక్షరాల్లో ఉంది. పుట 1. మొత్తం పుటలు 2.

ఎండలోనే లోహిత ఇంటికి పోయాను. ధనశేఖర్ అరుగు మీద కరపత్రాల కట్టలు విప్పుతున్నాడు. రెండో పుట ఎక్కడ అని అడిగాను. ముందు ఏ రెండో పుట అన్నాడు. అడుగున ఉన్న అంకె మీద వేలు పెట్టి చూపించాను. అతను నా వేలినీ అంకెనూ చూసి, కరపత్రాలు పక్కన పెట్టాడు. నకలు తెచ్చినప్పుడు రెండు పుటలూ వచ్చాయని, రెండోది మనకు పనికొచ్చేది కాదని, అందుకే ఇవ్వలేదని మెల్లగా చెప్పాడు.

"ఇప్పుడు సదివితే మనమే అబద్ధం సెప్పినామని ఒప్పుకున్నట్టు అయితాది. నాలుగు దినాలు ఓర్సుకో అత్తా. గెలిసినాక నేనే మైకు పెట్టి సదివిస్తా."

"ఈ నాలుగు దినాలు మునెమ్మ మనవరాలు ఏం తాగాల?"

"ఇన్నేండ్లు తాగినారు కదా. నాలుగు దినాలకు ఎముకలు వంగిపోవు."

ఆ మాట నిజమే. నాలుగు రోజులకు ఎవరి ఎముకలూ వంగవు. అతను ఇంకా చెప్పాడు. వరదయ్య ఎనిమిది నెలలు మొత్తం కాగితమే దాచాడు, మనం నాలుగు రోజులు సగం దాస్తే ఏం తప్పు అన్నాడు. లోహిత గెలిస్తే దిగువ వీధికి మంచి నీళ్ల పైపు వస్తుందా రాదా అన్నాడు. వస్తుంది. అది కూడా నిజమే. పెంచినదాన్ని, నాకు తెలియదా? నా బిడ్డ గెలవాలని నాకు లేదా?

అప్పుడు నా నోట వచ్చిన మాట నేను ముందు అనుకున్నది కాదు.

"వరదయ్య కూడా ఓట్లు అయినాక సెప్తామనే అనుకోని ఉంటాడప్పా. ఓట్లు ఎప్పుడూ ఏవో ఒకటి వస్తానే ఉంటాయి. ఓటేసేవాళ్లకు ఓటుకు ముందు తెలియాల. అయినాక తెలిస్తే దాన్ని ఏం సేసుకోవాల?"

ధనశేఖర్ తల పక్కకు తిప్పుకున్నాడు. రెండో పుట నా దగ్గర లేదు, ఎక్కడో పడిపోయింది అన్నాడు. లోపలి నుంచి లోహిత వచ్చింది. నామినేషను కాగితాల ఫైలు చేతిలో ఉంది. అందులోంచి మడత పెట్టని ఒక కాగితం తీసి నాకిచ్చింది.

"నా దగ్గర ఉండాది పెద్దమ్మా. మొదటి దినమే చూసినాను" అంది.

వారం రోజులుగా నీళ్ల మాట ఎందుకు ఎత్తలేదో అప్పుడు అర్థమైంది. తిట్టబోయాను. దాని ముఖం చూసి ఆగిపోయాను. నువ్వు చదివితే నమ్ముతారని తెలిసే నీకిచ్చినాము, అది తప్పని తెలుసు అంది. రేపు పొద్దున కొళాయి దగ్గర ఇది చదువుతాను అన్నాను. చదువు అంది. కానీ పక్కన వచ్చి నిలబడలేను, అంత ధైర్యం లేదు అంది. నిన్ను నిలబడమని ఎవరడిగారు, ఎన్నికల్లో నిలబడింది చాలదా అన్నాను. దానికి నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

ఆ పుటను నేను పదిసార్లు చదువుకున్నాను. అడుగున అంకెతో సహా.

పొద్దున ఆరింటికి నీళ్లు వదిలే వేళకు దిగువ వీధి కొళాయి దగ్గర పాతిక ముప్పై మంది ఉన్నారు. బిందెలు దించమన్నాను. మొన్న నేను సగం కాగితమే చదివాను, రెండో పుట ఉందని చూసుకోలేదు, ఆ తప్పు నాదే అని ముందు చెప్పేశాను. పై వీధి నుంచి వచ్చిన ఒకామె, వరదయ్య ఏమి పెట్టినాడక్కా, చీరా, ముక్కుపుడకా అని ఎకసెక్కం చేసింది. ముక్కు కుట్టించుకునే వయసు దాటిపోయిందిలే అన్నాను. నా వెనక ఎవరో వచ్చి బిందె దించిన శబ్దం అయింది. తిరిగి చూస్తే లోహిత. ఆమె ఇంటికి కొళాయి అవసరం లేదు, పెరట్లో బావి ఉంది. అయినా అందరితో పాటు వరసలో నిలబడింది.

నేను వేలు పెట్టి మొదలుపెట్టాను. నమూనా రెండు. తీసిన చోటు, నీటి శుద్ధి కేంద్రం కొళాయి. ఫ్లోరైడు లీటరుకు సున్నా పాయింటు నాలుగు. ఈ నీరు తాగడానికి యోగ్యమైనది.

అప్పటికే ఎవరో సెల్లులో చెప్పినట్టున్నారు, నేను నమూనా రెండు అనేసరికే వరదయ్య స్కూటరు మీద వచ్చేశాడు. వెనక కూర్చున్న అతని బావమరిది ఏకాంబరం దిగీ దిగకముందే సెల్లు పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. యోగ్యమైనది అనగానే వరదయ్య నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"మహాతల్లివి శకుంతలక్కా. సత్యం పలికినావు. నాకు ఈ మాట సాలు."

"నాకు సాలదప్పా. ఇంకా నాలుగు వరసలు ఉండాయి. నడిమిట్లో వేలు ఎత్తకూడదని మా టీచరమ్మ సెప్పింది."

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. నేను మళ్లీ వేలు పెట్టాను. సూచన. ఈ బోరు నుంచి శుద్ధి చేయకుండా నేరుగా నీరు సరఫరా అవుతున్న దిగువ వీధి కొళాయిలను తాగునీటికి వాడకుండా ప్రజలకు వెంటనే తెలియజేయాలి. వీలైనంత త్వరగా ఈ వీధికి శుద్ధి కేంద్రం నుంచి పైపు వేయాలి. ప్రతి, సర్పంచి, వంకకండ్రిగ పంచాయతీ. పుట రెండు. మొత్తం పుటలు రెండు.

ఏకాంబరం సెల్లు జేబులో పెట్టుకున్నాడు. మునెమ్మ గోడ పట్టుకుని లేచింది. లేవడానికి సమయం పట్టింది.

"వరదయ్యా, వెంటనే సెప్పమని రాసినారంటనే. ఎనిమిది నెలలాయ. నీ స్కూటరు మా వీధిలో దినామూ పోతా ఉండాది కదా నాయనా" అంది.

వరదయ్య ముఖం మాడిపోయింది. చెబితే ఇంతమందికి పైపు ఎప్పుడు వేస్తావు అని అడుగుతారని, వేయడానికి మంజూరు రాలేదని, వచ్చాక చెబుదామనుకున్నానని అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. అతని బాధ అతనిది. కానీ ధనశేఖర్ అరుగు మీద విన్న మాటకూ ఈ మాటకూ నాకు తేడా కనిపించలేదు. ఇద్దరూ మంచి పని చేయబోయేవాళ్లే. అంతదాకా జనానికి తెలియకుండా ఉంటే చాలు వాళ్లకు.

లోహిత ముందుకు వచ్చింది. రెండో పుట మొదటినుంచీ నా దగ్గర ఉండింది, నేనే దాచినాను, పెద్దమ్మకు తెలియదు అని అందరి ముందూ చెప్పింది. మునెమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. మొన్న గెలిచేదానివి, ఇప్పుడు అనుమానమే అని తీర్పు చెప్పేసి, కొళాయి కింద ఉన్న బిందె నీళ్లను పాదు మీద పోసి, క్యాను తెచ్చుకోవడానికి మనవరాలిని వెంటబెట్టుకుని ప్లాంటు వైపు నడిచింది. ఆ ముసలామె అంత దూరం నడవడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఆ క్యాను నేనే మోశాను.

మధ్యాహ్నానికి ఏకాంబరం వీడియో ఊళ్లో అందరి సెల్లుల్లోకీ వచ్చింది. తాగడానికి యోగ్యమైనది అన్న దగ్గర ఆగిపోయింది. నా వేలు గాల్లో లేచి ఉండగా కట్ అయింది. ధనశేఖర్‌కు ఒళ్లు మండింది. మన వాళ్లు కూడా వీడియో తీశారు, వరదయ్య నీళ్లు నమిలే ముక్క ఒక్కటే పెడదాం అన్నాడు. పెడితే మొత్తం పెట్టు అంది లోహిత. మొత్తం పెట్టారు. నా చదువు సంగతి తెలుసు కదా, అది పదకొండు నిమిషాలు వచ్చింది. పదకొండు నిమిషాల వీడియో పై వీధిలో ఎవరూ చూడలేదు. దిగువ వీధిలో అందరూ చూశారు.

లోహిత పద్నాలుగు ఓట్లతో ఓడిపోయింది.

దిగువ వీధి పెట్టెలో ఉంగరానికి నిండా పడ్డాయి. పై వీధిలో, ఒకసారి దాచినవాళ్లు మళ్లీ దాచరా అన్నారు. దాచిన వరదయ్యకే వేశారు, అది వేరే సంగతి. వాళ్లకు ఆ హక్కు ఉంది. రెండు పుటలూ విని వేశారు, లేదా వినకూడదనుకుని వేశారు. నేను చేయగలిగింది వినిపించడం వరకే. ధనశేఖర్ నన్ను అత్తా అని పిలవడం మానేశాడు. ఎదురైతే, ఎండ ఎక్కువగా ఉంది అని ఎండకు చెప్పినట్టు చెప్పి పోయేవాడు. లోహిత రెండు రోజులు పడుకుంది. మూడో రోజు లేచి మా ఆవుకు గడ్డి కోసుకొచ్చి వేసింది.

నా దగ్గరికి కాగితాలు రావడం ఆగిపోతుందనుకున్నాను. నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు మునెమ్మ కంటి ఆసుపత్రి కాగితం తెచ్చింది. నా ముందు కూర్చుని, "సదివేముందు ఎన్ని పుటలో సెప్పు" అంది. మూడు అని చెప్పాను. ఆమె మూడూ తన వేళ్లతో లెక్క పెట్టుకుని, ఇప్పుడు చదువు అంది. ఇప్పుడు మా ఊళ్లో అందరూ అంతే. ముందు అడుగున అంకె, తర్వాతే పైన అక్షరం.

నెలన్నర తర్వాత గ్రామసభ పెట్టారు, బడి వరండాలో. మా దగ్గర గ్రామసభ అంటే ఒక పద్ధతి ఉంది. తీర్మానాల పుస్తకంలో తెల్ల పుట తెరిచి వరసగా సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. తర్వాత టీ, బన్ను. సర్పంచి నాలుగు మాటలు చెబుతాడు. పైన ఏం రాయాలో తర్వాత ఆఫీసులో రాసుకుంటారు. ఇన్నేళ్లుగా అంతే. నేను కూడా సంతకం నేర్చుకున్నాక ఆ తెల్ల పుట మీద పేరంతా గుండ్రంగా రాసి మురిసిపోయినదాన్నే. పైన ఏం లేదు కదా అని నాకూ తోచలేదు.

పంచాయతీ కార్యదర్శి సుబ్రమణ్యం పుస్తకం తెరిచి, ఇంకు పెట్టె తీసి, ముందు మునెమ్మ దగ్గరికి వచ్చాడు. నడవలేని వాళ్లను ముందు పంపేద్దామని. ఆమె బొటనవేలు ఇంకులో అద్దింది. పుట మీదికి తెచ్చింది. అక్కడ ఆగింది.

"దీని మీద ఏమీ లేదే" అంది.

తర్వాత రాస్తామవ్వా అన్నాడు సుబ్రమణ్యం. అతను తిరుపతి నుంచి రోజూ వచ్చిపోయే మనిషి, మర్యాదస్తుడు. ఎక్కడైనా ఇలాగే చేస్తారని, అంతా రాయడానికి సమయం పడుతుందని నచ్చజెప్పాడు. మునెమ్మ వేలు వెనక్కి తీసుకోలేదు, కిందికి దించలేదు. ఇంకు పూసిన వేలు అలాగే గాల్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"రాయనీ. శకుంతల సదవనీ. మాకేం తొందర? పాలు పిండేదానికి ఇంకా రెండు గంటలు ఉండాది."

వరసలో ఉన్నవాళ్లు ఒకరొకరుగా కింద కూర్చున్నారు. వరదయ్య వాచీ చూసుకున్నాడు. అందరి వైపూ చూశాడు. చివరికి, రాయండి సుబ్రమణ్యం గారూ అన్నాడు. సుబ్రమణ్యం అక్కడే బల్ల ముందు కూర్చుని రాశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. పుస్తకం నా ఒళ్లోకి వచ్చింది.

పుట నలభై ఆరు అని మొదలుపెట్టాను. నవ్వారు, కానీ బడిలో నవ్వినట్టు కాదు. శుద్ధి కేంద్రం నుంచి దిగువ వీధికి పైపు వేయించడానికి గ్రామసభ తీర్మానించింది అని ఉంది. అంతదాకా ఆ రెండు కొళాయిల మీద తాగకూడదు అని ఎర్ర అక్షరాలతో రాయించాలని ఉంది. అందరూ తల ఊపారు. వరదయ్య సంతోషంగా సంతకానికి పెన్ను తీశాడు. లోహిత స్తంభం పక్కనుంచి లేచింది.

"ఎప్పటిలోగా అని రాయలేదు మామా."

"ఓడిపోయినా నన్ను వదలవా పాపా?" అన్నాడు వరదయ్య.

"గెలిచినవాళ్లకు పనులు ఉంటాయి. ఓడిపోయినాను కాబట్టే కదా అడిగే తీరిక దొరికింది."

వరదయ్యకే నవ్వు వచ్చింది. ఉగాదిలోపల అని రాయించాడు. ఉగాదికి పైపు రాకపోతే ఏమిటి అని ఒకామె అడిగితే, మళ్లీ గ్రామసభ పెట్టి ఎందుకు రాలేదో చెబుతానని అది కూడా రాయించాడు. ఆ రెండు వరసలు నేను మళ్లీ చదివాను. పుట నలభై ఆరు అయిపోయింది, నలభై ఏడులో మూడు వరసలు ఉన్నాయి, ఆ తర్వాత ఖాళీ అని చెప్పాను. రాత అయిపోయిన చోట అడ్డంగా గీత కొట్టి, సంతకాలు దాని కింద తీసుకోమని లోహిత సుబ్రమణ్యంతో అంది. అతను స్కేలు పెట్టి కొట్టాడు.

ఇక సంతకాలు మొదలుపెట్టాలి. మునెమ్మ పుస్తకం మీదికి వంగింది. అప్పుడు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వాళ్లలోంచి ఒక గొంతు వచ్చింది. నెలన్నరగా నాతో ఎండ గురించి తప్ప మాట్లాడని గొంతు.

"అత్తా, ఈడిదాకా ఇనపడలేదు. మొదటినుంచి ఇంగోసారి సదువు."

వరండా అంతా మూలిగింది. మళ్లీ పావుగంట అని అందరికీ తెలుసు. మునెమ్మ తన బొటనవేలు చూసుకుంది. ఇంకు ఎండిపోయి పగుళ్లు పట్టింది. వెనక్కి తిరిగి ధనశేఖర్‌ను, చెవుల్లో దూది పెట్టుకోని వచ్చినావా అని కసిరి, వేలు సుబ్రమణ్యం ముందుకు చాచింది, తర్వాత మళ్లీ అద్దాలి, పెట్టె మూయొద్దు అన్నట్టు.

నేను పుస్తకం వెనక్కి తిప్పి, గొంతు కొంచెం పెంచి, పుట నలభై ఆరు అన్నాను.